రంగుల పట్టీ తెగదెందుకు?

సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి 1868 ఆగస్టులో ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చారు. 18వ తేదీన చంద్రుడు సూర్యబింబాన్ని కప్పేశాక, అంచున ఎగసిన ఎర్రని జ్వాలల వైపు స్పెక్ట్రోస్కోపును తిప్పారు. అందులో విడివిడిగా మెరిసే గీతలు కనిపించాయి. ఆ జ్వాలలు వాయువేనని తేలింది. కానీ మామూలు ఎండను పట్టకంలోంచి పంపితే ఎరుపు నుంచి ఊదా దాకా ఎడతెగని పట్టీ వస్తుంది. అందులో సన్నని నల్లగీతలున్నా అన్ని రంగులూ ఉంటాయి. సూర్యుడూ వాయుగోళమే కదా, మరి ఈ తేడా ఎందుకు?

ఒంటరి పరమాణువులో ఎలక్ట్రాన్‌కు శక్తి మెట్లు కొన్నే ఉంటాయి. ఒక మెట్టు దిగితే ఆ తేడాకు సరిపడే రంగు మాత్రమే వెలువడుతుంది. నియాన్ బోర్డు ఎరుపు అలా వచ్చిందే. పలచని జ్వాలల్లో పుట్టిన గీతలూ అంతే.

సూర్యుడి ఉపరితలంలో మాత్రం కొన్ని హైడ్రోజన్ పరమాణువులు అదనంగా మరో ఎలక్ట్రాన్‌ను పట్టుకుంటాయి. స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్‌కు మెట్లు లేవు, దాని వేగం ఎంతైనా ఉండొచ్చు. అందుకే అది పరమాణువుకు అతుక్కున్నప్పుడు వెలువడే కాంతి కనిపించే రంగుల్లో ఏదైనా కావచ్చు. ఈ పరమాణువుల కీలక పాత్రను 1939లో రూపర్ట్ విల్ట్ గుర్తించారు. ఎర్రగా కాలిన ఇనుములోనైతే పరమాణువులు కిక్కిరిసి ఉండటం వల్ల మెట్లే ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

మందం కూడా ముఖ్యమే. మందమైన పదార్థంలో పుట్టిన కాంతి నేరుగా బయటపడదు. అది మళ్లీ మళ్లీ ఇంకిపోతూ, మళ్లీ వెలువడుతూ ఉంటుంది. ఈ క్రమంలో ఏ పదార్థం నుంచి వచ్చిందన్న ఆనవాలు దాదాపు చెరిగిపోయి, ఉష్ణోగ్రత ముద్ర మిగులుతుంది. దీనికి 1900లో ప్లాంక్ సూత్రం ఇచ్చారు. 1924లో ఢాకాలో పనిచేస్తున్న సత్యేంద్రనాథ్ బోస్ కాంతి కణాలను కొత్త పద్ధతిలో లెక్కించి అదే సూత్రాన్ని రాబట్టారు.

దూరం నుంచే నక్షత్రం వేడినీ, కొలిమి వేడినీ చెప్పగలిగేది ఈ ముద్ర వల్లనే. 2020లో కోవిడ్ వేళ నుదుటికి గురిపెట్టిన థర్మామీటర్ మెదడుకు హాని చేస్తుందని భయపడినవారున్నారు. నిజానికి జ్వరం కొలవడానికి అది ఏ కిరణాన్నీ ఒంట్లోకి పంపదు. చర్మం తనంతట తాను వెలువరించే పరారుణ కాంతిని అందుకుంటుంది, అంతే.