ఆ బిడ్డకు పట్టింది దెయ్యం కాదు

గత సంవత్సరం ఒక జుమా నమాజు తరువాత ఒక తండ్రి మా వద్దకు వచ్చారు. పట్నంలో అద్దెలు భరించలేక, మొయినాబాద్ దాటి చేవెళ్ల వెళ్లే దారిలో ఒక కొత్త కాలనీలో చిన్న ఇల్లు కట్టుకున్న కుటుంబం వారిది. "హజ్రత్, బిటియాకు ఏదో పట్టుకుంది. కాస్త చదివి దమ్ చేయండి" అని కోరారు.

అమ్మాయికి పద్నాలుగేళ్లు. వారానికి రెండు మూడు సార్లు ఉన్నట్టుండి చూపు ఒకచోట నిలిచిపోతుంది. పెదవులు కదుపుతుంది, పిలిస్తే పలకదు. తేరుకున్నాక ఏదీ గుర్తుండదు. ఒక రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చొని హాస్యం కలిసిన దెయ్యం సినిమా చూస్తుండగా, కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ కింద పడిపోయింది. అక్క నటిస్తోందనుకొని తమ్ముళ్లు నవ్వారు. నిజంగానే ఏదో ఆవహించిందని దాదీ వణికిపోయింది. ఒకే గదిలో కొందరు నవ్వుతున్నారు, కొందరు భయపడుతున్నారు. ఆ బిడ్డకు కావలసినది మాత్రం ఈ రెండూ కావు.

ఈ రహదారి వెంట ఉన్న పెద్ద మర్రిచెట్ల మీద దెయ్యాలుంటాయని పూర్వం పెద్దలు కథలు చెప్పేవారు. ఇప్పుడు ఆ కథలు టీవీలోకి, చేతిలోని ఫోనులోకి వచ్చాయి. 'ప్రేమకథా చిత్రమ్' (2013), 'గీతాంజలి' (2014), 'రాజుగారి గది' (2015) తరువాత తెలుగులో భయాన్నీ హాస్యాన్నీ కలిపే చిత్రాలు వరుసగా వచ్చాయి. మహి వి. రాఘవ్ దర్శకత్వంలో 2017లో వచ్చిన 'ఆనందో బ్రహ్మ'లో అమ్మకానికి పెట్టిన ఇంట్లో దెయ్యాలుంటాయి. నలుగురు మనుషులు ఆ ఇంటికి చేరతారు. చివరికి మనుషులను చూసి దెయ్యాలే బెదిరిపోతాయి. ఆ నలుగురిలో ఒకరికి రేచీకటి, చెవుడు. ప్రేక్షకులను నవ్వించేది ఆ లోపమే.

సాయికిరణ్ దర్శకత్వంలో 2022 నవంబరు 18న విడుదలైన 'మసూద'లో హాస్యం తక్కువ, భయం ఎక్కువ. నీలం అనే ఒంటరి తల్లి, ఆమె కూతురు నాజియా నగరంలోని ఒక ఫ్లాటులో ఉంటారు. అమ్మాయి ప్రవర్తన మారిపోతుంది. తల్లి పొరుగింటి యువకుడి సాయం కోరుతుంది. కథలో అది బురఖా ధరించిన మసూద అనే స్త్రీ దెయ్యమని తేలుతుంది, వారు ఒక బాబాను ఆశ్రయిస్తారు. 'మసూద' అంటే అదృష్టవంతురాలు అని అర్థం. అంత మంచి పేరును దెయ్యానికి పెట్టారని మనలో కొందరు నొచ్చుకున్నారు. ఆ బాధ అర్థం చేసుకోదగినదే. అయితే మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టినది వేరొకటి. బిడ్డ తీరు మారితే బాబా దగ్గరికి పరుగెత్తడం సినిమావారు కల్పించినదేమీ కాదు, మన ఇళ్లలో జరుగుతున్నదే.

తెర మీద రోగం వేళాకోళంగానో, దెయ్యంగానో కనిపిస్తుంది. ఇంట్లో అది రోగమే. ఈ తేడా మరచిపోతే నష్టపోయేది బిడ్డలే.

సోదర సోదరీమణులారా, జిన్నుల ఉనికిని మేము కాదనడం లేదు. దివ్య ఖుర్ఆన్‌లో 72వ సూరా పేరే 'అల్ జిన్న్'. సూరె ఫలఖ్, సూరె నాస్ పఠించి అల్లాహ్ శరణు వేడుకోవడం మహాప్రవక్త (స) నేర్పిన పద్ధతి. కానీ జిన్నులున్నాయని నమ్మడం వేరు, ప్రతి జబ్బునూ జిన్నులకు అంటగట్టడం వేరు.

సహీహ్ బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఒక స్త్రీ ప్రస్తావన ఉంది. ఆమెకు మూర్ఛలు వచ్చేవి, ఆ స్థితిలో ఒంటిమీది వస్త్రం తొలగిపోయేది. దుఆ చేయమని దైవప్రవక్త (స)ను కోరింది. సహనం వహిస్తే స్వర్గం లభిస్తుందనీ, కోరితే స్వస్థత కోసం దుఆ చేస్తాననీ ఆయన చెప్పారు. ఆమె సహనాన్నే ఎంచుకుని, తన మానం కాపాడబడేలా మాత్రం దుఆ చేయమంది. ఆయన అలాగే చేశారు. ఎన్నో ఏళ్ల తరువాత హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఆమెను చూపి స్వర్గవాసిగా పరిచయం చేశారు. అక్కడ ఆమెను చూసి ఎవరూ నవ్వలేదు, ఎవరూ పారిపోలేదు.

మరి చికిత్స అక్కరలేదా? ఉంది. చికిత్స చేయించుకోమనీ, వృద్ధాప్యానికి తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు ఉంచాడనీ ఆయనే బోధించారు. ఈ హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. జోస్యుని వద్దకు వెళ్లి అడిగినవారి నలభై రాత్రుల నమాజు స్వీకరించబడదని సహీహ్ ముస్లింలో హెచ్చరిక ఉంది. తల్లి పేరు అడిగి, నల్లమేకను తెమ్మని, వేలకు వేలు గుంజే 'ఆమిల్' గురించి ఇంకేం చెప్పాలి? మూర్ఛను మంత్రతంత్రాలతో, తాయెత్తులతో నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం కూడా.

ఇక ఆ రోజు మేము చేసినది చెప్పాలి. ఫాతిహా, చివరి రెండు సూరాలు చదివి దమ్ చేశాము, ధైర్యం చెప్పి పంపాము. అందులో తప్పు లేదు. కానీ "డాక్టరుకు చూపించారా?" అని ఒక్క మాట అడగలేదు. మా మౌనాన్ని వారు మరోలా అర్థం చేసుకున్నారు. ఒక ఆమిల్ చుట్టూ మూడు నెలలు తిరిగారు, ఆ బిడ్డకు మిరపకాయల పొగ పెట్టించారు. చివరికి అమ్మాయి పొయ్యి దగ్గర పడి చేయి కాల్చుకున్నాకే ఆసుపత్రికి తీసుకువెళ్లారు. అది మూర్ఛవ్యాధి అని నరాల వైద్యుడు చెప్పారు. ఇప్పుడు మాత్రలు వాడుతోంది, బడికి వెళుతోంది. చేతి మీద మచ్చ మాత్రం మిగిలింది. ఆ తండ్రి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అందుకే మరింత సిగ్గుపడుతున్నాము.

ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి ఈ వ్యాధి ఉందనీ, సరైన చికిత్స అందితే వారిలో 70 శాతం వరకు మూర్ఛలు లేకుండా జీవించగలరనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మూర్ఛ వచ్చినప్పుడు మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి. నోట్లో చెంచా గానీ వేలు గానీ పెట్టకండి. చేతిలో తాళాలగుత్తి పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చేయండి. మాత్రలు సొంతంగా ఆపకండి, రమజానులో కూడా. రోగికి ఉపవాసం విషయంలో ఉన్న సడలింపు దివ్య ఖుర్ఆన్ (2:184-185) ఇచ్చినదే. దిగులు, విపరీతమైన భయం, మాటల్లో తేడా కనిపిస్తే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి ఉచితంగా సలహా పొందవచ్చు.

పిల్లలు ఏ సినిమా చూస్తున్నారో గమనించే బాధ్యత తల్లిదండ్రులది. సరదాకైనా తోటి ముస్లింను భయపెట్టడం ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (స) అన్నారు. ప్రయాణంలో నిద్రపోతున్న ఒక సహచరుని వస్తువును తోటివారు తీయగా, అతను ఉలిక్కిపడి లేచిన సందర్భంలో చెప్పిన మాట అది. చీకటిలో చెల్లెలిని బెదిరించి నవ్వే అన్నకు ఆ సంఘటన చెప్పండి.

మాతోటి ఉలమాకు, ఇమాములకు ఒక విన్నపం. దమ్ చేయమని ఎవరు వచ్చినా చదవండి, దుఆ చేయండి. ఆ తరువాత, మేము అడగని ఆ ప్రశ్న మీరు తప్పక అడగండి. అల్లాహ్ మన ఇళ్లలోని రోగులందరికీ స్వస్థతను, మనకు వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.