ఆటకు జీతము పుచ్చుకొనుట తప్పా?

ఆట ఆటగానే ఉండవలెను గాని దానికి సొమ్ము పుచ్చుకొనుట తగదని కొందరు పెద్దలు చెప్పుచుందురు. బంతి తన్నినంత మాత్రమున కడుపు నిండునా అని ఆ పెద్దలే మఱియొక పూట మందలింతురు. ఈ రెండు మాటలును ఒక్క నోటనే విని మన బాలురు తికమకపడుచున్నారు. కావున వేడుకకై ఆడు ఔత్సాహికునికిని, జీతమునకై ఆడు వృత్తి క్రీడాకారునికిని నడుమ గీత ఎచ్చట గీయవలెనో విచారించుట మంచిదని మాకు తోచినది.

ఫుట్‌బాల్ ఆటకు నియమములు ఏర్పడిన ఇంగ్లండులోనే ఈ తగవును ముదిరినది. అచ్చట తొలుత ఆటను నడిపినవారు కలవారి బిడ్డలు. ఆటకు డబ్బు పుచ్చుకొనుట వారి దృష్టిలో మర్యాద కాదు. కాని ఉత్తర ప్రాంతపు మిల్లు కార్మికునికి ఆటకై పోయిన పూట కూలి పోయెడిది. 1883లో బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అను కార్మికుల జట్టు ఎఫ్.ఏ. కప్పు తుది పోటీలో ఈటన్ పాఠశాల పూర్వ విద్యార్థుల జట్టును 2–1 గోల్సుతో ఓడించెను. మఱుసటి యేడు ప్రెస్టన్ జట్టు తన ఆటగాండ్రకు సొమ్ము ముట్టజెప్పుచున్నదని ఫిర్యాదు రాగా, దానిని పోటీనుండి తొలగించిరి. అయినను సొమ్ము ఆగలేదు. చాటుమాటున చేతులు మాఱుచునే యుండెను. తుదకు 1885 జూలైలో ఫుట్‌బాల్ సంఘము కొన్ని షరతులతో జీతపు ఆటను అంగీకరింపక తప్పలేదు. ఆ భేదమునే 1974లో సంఘము తీసివేసెను.

మన తెలుగునేలపై మఱియొక త్రోవ కనబడును. 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదు మార్లు రోవర్సు కప్పు గెలిచిన హైదరాబాదు నగర పోలీసు జట్టువారు పోలీసు కొలువు చేయుచు ఆడినవారు. వారికి శిక్షణ నిచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీంగారు ఉపాధ్యాయులుగా పనిచేసినవారు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొందెను. ఆ పోటీలలో నాడు ఔత్సాహికులకే ప్రవేశము. జీతము కొలువునకు, ఆట ఉత్సాహమునకు అని లెక్క. ఆ కొలువే లేనిచో వారిలో ఎందఱు మైదానమున నిలువగలిగెడివారు?

నేడు ఫిఫా నియమము తేటగా ఉన్నది. క్లబ్బుతో వ్రాతపూర్వకమగు ఒప్పందము కలిగి, ఆటకై తనకగు ఖర్చులకంటె ఎక్కువ సొమ్ము పొందువాడు వృత్తి క్రీడాకారుడు, తక్కినవారందఱును ఔత్సాహికులు. 18 ఏండ్లు నిండనివారి ఒప్పందము మూడేండ్లకు మించరాదు. గౌరవాగౌరవముల ప్రసక్తి ఇందు లేదు. శ్రమకు ఫలము పుచ్చుకొనుట తప్పు కాదనియు, దానిని దాచుటయే తప్పనియు మా అభిప్రాయము.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటి. బిడ్డ ఆటవలన నాలుగు రూపాయలు తెచ్చినచో సిగ్గుపడవలదు. ఆ సొమ్ము ఎవరిచ్చిరో, దేనికిచ్చిరో, వ్రాత కలదో లేదో అడుగుడు. ఒప్పంద పత్రము మన తెలుగులో ఉండుట అరుదు. అది ఏ భాషలో ఉన్నను తెలిసినవారిచే చదివించుకొని, అర్థము గ్రహించిన పిమ్మటనే సంతకము చేయుడు.

విద్యార్థులారా! కాలికి దెబ్బ తగిలిననాడు బంతి మీకు తోడు రాదు, చదువు వచ్చును. కావున మైదానమునకు తప్పక పొండు, తరగతిని మాత్రము మానకుడు.