కంపెనీలను డాక్టరు చీటీ వెనక దాక్కోనివ్వకండి

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,
జిల్లా కలెక్టరు గారి ద్వారా సమర్పించు వినతిపత్రం

ప్రతులు: కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి, డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ గారికి

విషయం: గర్భంతో ఉండగా వాడిన సోడియం వాల్‌ప్రోయేట్ వల్ల పిల్లలకు జరిగిన హానికి తయారీ కంపెనీలను బాధ్యులను చేయడం గురించి.

అయ్యా,

మేము ఫిట్స్‌కు మందు వాడుతున్న ఆడవాళ్లం, ఆ మందు కడుపులో ఉండగానే సోకిన పిల్లల తల్లిదండ్రులం. ముందుగా ఒక మాట. వాల్‌ప్రోయేట్‌ను నిషేధించమని మేము అడగడం లేదు. కొన్ని రకాల ఫిట్స్‌కు అది ఎంత బాగా పనిచేస్తుందో వాడినవాళ్లం, మాకే బాగా తెలుసు. ఈ కాగితం చదివి ఏ తల్లీ డాక్టరును అడగకుండా మాత్ర మానకూడదు. ఉన్నట్టుండి ఆపితే వచ్చే ఫిట్స్ తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదికి తేవచ్చు. మేము అడిగేదల్లా ఈ మాత్ర అమ్మి లాభం తీసుకున్నవాళ్లు దాని నష్టంలో పాలు పంచుకోవాలనే.

ఇది నిన్నో మొన్నో తెలిసిన ప్రమాదం కాదు. ఫ్రాన్స్‌లో ఈ మందు 1967లో అమ్మకానికి వచ్చింది. దీన్ని వాడిన తల్లుల పిల్లల్లో వెన్నెముక సరిగా మూసుకోని లోపం ఎక్కువగా కనిపిస్తోందని లియాన్‌లో ఎలిజబెత్ రాబర్ట్ 1982లోనే బయటపెట్టారు. గర్భంలో ఈ మందు సోకిన ప్రతి 100 మందిలో సుమారు 10 మందికి పుట్టుకతోనే లోపాలు ఉంటాయని, 30 నుంచి 40 మందికి మాట, నడక ఆలస్యం కావడం, చదువు అందకపోవడం, ఆటిజం వంటి ఇబ్బందులు వస్తాయని యూరప్ ఔషధ సంస్థలు చెబుతున్నాయి. మన దేశంలో లెక్కలు లేవనడానికీ వీల్లేదు. తిరువనంతపురం శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో మూర్ఛ ఉన్న గర్భిణుల వివరాలను 1998 నుంచి నమోదు చేస్తున్నారు. ఈ మందుతో పుట్టుక లోపాలు ఎక్కువని అక్కడా తేలింది.

బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన నాలుగు వారాలకే మూసుకుపోతుంది. నెల తప్పిందని ఆసుపత్రికి వెళ్లేసరికే ఆ ఘడియ దాటిపోతుంది. అందుకే ఈ హెచ్చరిక మాత్ర మొదలుపెట్టిన రోజే అందాలి, పెళ్లికాని పిల్లకైనా సరే. మాకు అందలేదు. మెడికల్ షాపులో స్ట్రిప్పును కత్తెరతో కత్తిరించి అయిదు మాత్రలు చేతిలో పెడతారు. అక్షరాలున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. లోపలి కాగితం ఒకవేళ దొరికినా అది ఇంగ్లీషులో, డాక్టర్ల కోసం రాసింది. గ్రహణం మొర్రితో బిడ్డ పుడితే, గ్రహణం రోజు బయట తిరిగావా అని కోడలిని నిలదీసిన ఇళ్లు మాలోనే ఉన్నాయి. ఏ మాత్ర వేసుకున్నావని అడిగినవాళ్లు లేరు.

2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని 84వ సెక్షన్, తగిన హెచ్చరిక ఇవ్వని తయారీదారుదే బాధ్యత అంటుంది. తీరా 87వ సెక్షన్‌కు వచ్చేసరికి, నిపుణుల పర్యవేక్షణలోనే వాడాల్సిన వస్తువైతే ఆ నిపుణులకు తెలియజెప్పే ప్రయత్నం చేస్తే చాలునంటుంది. చీటీ మీద అమ్మే మందులన్నిటికీ ఈ మినహాయింపు సిద్ధంగా ఉంది. డాక్టరుకు చెప్పామంటుంది కంపెనీ. ఓపీలో ఇంతమంది ఉంటే ఎవరికని చెప్పను అంటారు డాక్టరు.

కాబట్టి మా మొదటి డిమాండు: 87వ సెక్షన్‌ను సవరించండి. కడుపులో బిడ్డకు హాని చేస్తుందని తెలిసిన మందుల విషయంలో, వాడే మనిషికే ఆమె చదవగలిగే భాషలో హెచ్చరిక చేరిందని కంపెనీయే రుజువు చూపాలి. యూరప్‌లో 2018 నుంచి ఈ మందుకు పెట్టె మీద గుర్తు, రోగి చేతికి కార్డు, ఏటా డాక్టరుతో సమీక్ష ఉన్నాయి. బ్రిటన్‌లో 2023 అక్టోబరు నుంచి ప్యాకెట్టు విప్పకుండానే ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. మన షాపుల్లో ఈ ఒక్క మందుకైనా కత్తెర పక్కన పెట్టించండి.

రెండోది గడువు. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లాలని అదే చట్టంలోని 69వ సెక్షన్ అంటుంది. పిల్లవాడు బడికి వెళ్లి, అక్షరాలు పట్టుబడక, టీచరు కబురు పెట్టాకగానీ బయటపడని హాని ఇది. ఆలస్యాన్ని కమిషన్ మన్నించవచ్చు నిజమే, కానీ మన్నింపు కోసం మేమెందుకు నిలబడాలి? హానికి మందే కారణమని తెలిసిన రోజు నుంచి గడువు లెక్కించాలి.

మూడోది రుజువు. ఒక నెల ఒక బ్రాండు, మరో నెల షాపులో ఉన్న బ్రాండు. తయారీ ఒకరిది, మార్కెటింగ్ మరొకరిది. పదేళ్ల తర్వాత ఏ కంపెనీ మాత్రో తల్లి ఎలా చూపగలదు? మందు నాణ్యతకు మార్కెటింగ్ కంపెనీ కూడా బాధ్యురాలేనని 2021 మార్చి నుంచి డ్రగ్స్ రూల్స్ చెబుతున్నాయి. పరిహారానికీ ఆ సూత్రమే వర్తింపజేసి, అమ్మకాల్లో వాటాను బట్టి కంపెనీల నుంచి వసూలు చేసిన సొమ్ముతో నిధి పెట్టండి. కడుపులో బిడ్డలకు హాని చేసిన థాలిడొమైడ్ మందు విషాదం చూసిన జర్మనీ, తప్పు నిరూపించనక్కర లేకుండానే తయారీదారు బాధ్యత వహించాలని, అందుకు బీమా కట్టాలని 1976లో చట్టం చేసింది. ఫ్రాన్స్‌లో ప్రభుత్వ సంస్థ ముందు పరిహారం ఇచ్చి, తర్వాత కంపెనీ మీద వసూలుకు వెళుతుంది. హెచ్చరించడంలో తయారీ కంపెనీ సనోఫీ విఫలమైందని 2022 జనవరిలో పారిస్ కోర్టు తేల్చింది. అటువంటి ఏర్పాటు లేని బ్రిటన్‌లో 2010లో న్యాయ సహాయం ఆగిపోగానే ఈ మందుపై తల్లులు వేసిన కేసు కూలిపోయింది. మన దగ్గర ఇంకో వింత ఉంది. క్లినికల్ ట్రయల్‌లో హాని జరిగితే 2019 నిబంధనల ప్రకారం పరిహారం దక్కుతుంది. డబ్బు పెట్టి అదే మందు కొనుక్కున్నవాళ్లకు అటువంటి నిబంధన లేదు.

నిధి వచ్చేదాకా పిల్లలు ఆగరు కనుక పిల్లల లోపాలను ముందే గుర్తించి చికిత్స చేసే జిల్లా డీఈఐసీ కేంద్రాల్లో స్పీచ్ థెరపీ, ఫిజియోథెరపీ వెంటనే, ఉచితంగా అందేలా చూడండి.

చివరిగా, మన దేశంలో గర్భ నిర్ధారణ పేరుతో వాడిన అధిక మోతాదు ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ మందుల మీద 1987లో బహిరంగ విచారణలు జరిగాయి, 1988లో వాటిపై నిషేధం వచ్చింది. అలాంటి విచారణ హైదరాబాదులో, విజయవాడలో జరిపించండి. కంపెనీల ప్రతినిధులను పిలవండి. మా చీటీలు, పిల్లల రిపోర్టులు తీసుకుని మేమూ వస్తాం.

ఇట్లు,
ఫిట్స్‌కు మందు వాడుతున్న మహిళలు, పిల్లల తల్లిదండ్రులు
(సంతకాలు, వేలిముద్రలు జతపరచడమైనది)