‘రాకు’లో ‘కు’ పోతే

పోయిన ఎండాకాలం మా నాయనమ్మ చేవెళ్లలో బస్సెక్కి మొయినాబాద్‌లో ఉన్న మా మేనత్త ఇంటికి పోయింది. చూస్తే తాళం. అత్త పొద్దున్నే ఫోన్ చేసి “అమ్మా, ఇయ్యాల రాకు” అని చెప్పిందట. నాయనమ్మకు వినపడింది “అమ్మా, ఇయ్యాల రా” వరకే. మిగతాదంతా గరగర. డెబ్బై దాటిన మనిషి ఆ ఎండలో రెండు గంటలు పక్కింటి అరుగు మీద కూర్చుంది. “నీ ఇంజనీరింగ్ ఏం పనికొస్తదిరా” అని సాయంత్రం నన్నే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మన భాషలో ‘వద్దు’, ‘లేదు’ అనే అర్థం మాట చివర్లో ఉంటుంది. రా–రాకు, పో–పోకు, వస్త–వస్తలేను. చివరి ముక్క ఎగిరిపోతే అర్థమే తిరగబడుతుంది. కాబట్టి కాల్ క్వాలిటీ అంటే సౌకర్యం ఒక్కటే కాదు, చెప్పింది చెప్పినట్టు చేరడం.

మా ఇంట్లో నెట్ కనెక్షన్‌తో పాటే ఒక ఫోన్ నంబర్ ఇచ్చారు. వైఫై మీద యాప్‌లో మాట్లాడతాం. ఆ గొడవ తర్వాత నాయిన ప్లాన్ 40 నుంచి 100 ఎంబీపీఎస్‌కు పెంచిండు. బిల్లు పెరిగింది, గరగర తగ్గలేదు.

ఎందుకు తగ్గుతుంది? జి.711 అనే పాత కోడెక్‌లో మాటకు సెకనుకు 64 కిలోబిట్లు చాలు. ప్యాకెట్ల అడ్రసుల బరువు కలిపినా వంద దాటదు. అంటే ఒక్క ఎంబీపీఎస్‌లో పదో వంతు! మాటకు కావాల్సింది వేగం కాదు, టైముకు రావడం. మామూలుగా మన గొంతును 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, సెకనుకు 50 ప్యాకెట్లు పంపుతారు. మెహదీపట్నం నుంచి చేవెళ్ల బస్సుల సంగతి మనకు తెలుసు కదా. అరగంట ఒక్కటీ రాదు, తర్వాత మూడు ఒకేసారి వస్తాయి. అదే జిట్టర్. ఒకటీ అరా ప్యాకెట్ పోతే ముందు శబ్దంతో ఆ ఖాళీని పూడుస్తారు, మనకు తెలియదు. వరసగా పది పోతే ‘కు’ మాయం. ఎక్కువసేపు ఆగి అన్నీ కూడగట్టుకుందామంటే మాట ఆలస్యమై ఇద్దరూ ఒకరి మీద ఒకరు మాట్లాడేస్తారు. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉండాలని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫార్సు.

ఒక ఆదివారం కూర్చుని లాప్‌టాప్‌లో పింగ్ పెట్టి చూశాను. ముందు మా రౌటర్‌కే పెట్టాను. వెనక గదిలో, నాయనమ్మ మంచం దగ్గర, అంకెలు ఎగిరెగిరి పడుతున్నాయి. అంటే తప్పు ఇంట్లోనే ఉంది. రౌటర్ ముందు గదిలో టీవీ వెనక, మధ్యలో రెండు మందపు గోడలు. దాన్ని నడుమ గదిలోకి, ఎత్తుకు మార్చాం. సగం పోయింది. మిగతా సగం తమ్ముడి ఫోన్ వీడియోలు క్లౌడ్‌కు ఎక్కేటప్పుడు వచ్చేది. ఇరుకు రోడ్డులో లారీల వెనక ఇరుక్కున్న స్కూటర్ లాగా, చిన్న మాట ప్యాకెట్ పెద్ద వీడియో ప్యాకెట్ల వెనక నిలబడుతుంది. రౌటర్ సెట్టింగుల్లో క్యూఓఎస్ ఆన్ చేసి, అప్‌లోడ్‌ను అసలు వేగం కంటే కొంచెం తక్కువకు కట్టేశాను. లైను రౌటర్‌లోనే పడుతుంది కాబట్టి మాటకు ముందు దారి దొరుకుతుంది. ఖర్చు సున్నా.

“వాట్సాప్ కాల్ ఉండగా ఇదంతా ఎందుకు” అంటారు కొందరు. అదీ ఇదే వైఫై మీద, ఇదే లైన్లో పోయేదే. గోడ దానికి మాత్రం పక్కకు జరుగుతుందా?

అన్నీ ఇంట్లోనే సరికావు, నిజమే. రౌటర్ వరకు పింగ్ బాగుండి, బయటికి పెడితే ఎగురుతుంటే తప్పు లైనుది. అప్పుడు ఆ అంకెలతోనే ఫిర్యాదు చేయాలి. “నెట్ స్లో” అంటే వాళ్లు ప్లాన్ పెంచుకోమంటారు. అసలు ఫోన్ కూడా కలిపి అమ్మేవాళ్లు ఎంబీపీఎస్ ఒక్కటే పెద్దక్షరాల్లో ఎందుకు వేయాలి? ఆలస్యం, జిట్టర్, ప్యాకెట్ నష్టం ఎంతో కూడా చెప్పాలని నేనంటాను. అడిగేవాళ్లు లేకపోతే వాళ్లు చెప్పరు.

అడగాల్సింది మనమే. జిట్టర్ డెఫినిషన్ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం, ఇంటికెళ్లి నాయనమ్మ మంచం దగ్గర ఒక్కసారి కొలవలేదు. నేనూ అంతే. ఈసారి సెలవులకు ఊరికి పోయినప్పుడు పది నిమిషాలు ఆ పని చేయండి.

మొన్న అత్త ఫోన్ చేసింది. నాయనమ్మ విని, ఫోన్ పెట్టేసి, సంచి సర్దుకుంది. “రమ్మన్నదా, వద్దన్నదా?” అని అడిగాను. “రమ్మన్నది. నాకు మంచిగనే ఇనవడ్డది” అంది.