కుదింపులో రాలిపోతున్న ఒత్తులు

తెలుగు అక్షరానికి ఆయువుపట్టు తలమీద కొంత, పాదాల చెంత కొంత ఉంటుంది. గుడి, ఎత్వం, ఓత్వం పైన; ఒత్తులు క్రింద. నడుమనున్న రూపం ఎంత స్పష్టంగా ఉన్నా ఈ చిన్న గుర్తులు చెడితే మాట మారిపోతుంది. ఇది బడిలో ప్రతివారూ నేర్చిన సంగతే. అయినా అంతర్జాలపు పుటను తెరపట్టు తీసి, అనగా స్క్రీన్‌షాట్ తీసి, కుదించి పంపేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. బొమ్మ చిన్నదయినది, పంపుట తేలికయినది అని సంతోషిస్తారు. అందుకొన్నవారు కళ్లద్దాలు తుడుచుకొంటూ కూర్చుంటారు.

మా ఆలూరు ప్రాంతంలో ఇది కాలక్షేపానికి చెప్పుకొనే విషయం కాదు. 2015లో మీభూమి వచ్చినప్పటి నుండి అడంగలును, 1-బిని తెరమీదనే చూచుకొనే వీలు కలిగింది. పొరుగూళ్లలో కొలువుచేసే కొడుకు ఆ పుటను తెరపట్టు తీసి ఊళ్లోని తండ్రి ఫోనుకు పంపుతాడు. ఆదోని మార్కెట్టు పత్తి ధరల పట్టికలు కూడ ఇట్లే చేతులు మారుతుంటాయి. అడంగలులో సర్వే నంబరు, ఖాతా నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, తండ్రి పేరు, అనుభవదారు పేరు అన్నీ ఇరుకు గడులలో ఒదిగి ఉంటాయి. దానిని సగానికి కుదిస్తే పట్టాదారు చిన్నయ్యయో చెన్నయ్యయో తేలదు. రెండూ మా వైపు వినవచ్చే పేర్లే. రెంటికీ భేదం తలపైనున్న చిన్న గుర్తు మాత్రమే. విస్తీర్ణం 2.38 అన్నది 2.88గా కనబడితే అర ఎకరం నేల చూపులోనే పుట్టుకొస్తుంది. బ్యాంకు అప్పుకో, పంటల బీమాకో ఆ వివరాన్ని చూచి కాగితం నింపిన రైతు మళ్లీ ఎన్నిమార్లు తిరగవలసి వస్తుందో చెప్పనక్కరలేదు.

ఆంగ్లానికి ఈ బాధ ఇంతగా లేదు. ఆ లిపిలో అక్షరాలు చాలవరకు ఒక వరుసలో సాగుతాయి. ఒకటి రెండు అక్షరాలు మసకబారినా చదువరి మాటను పోల్చుకోగలడు. మనది మూడంతస్తుల కట్టడం. లెక్క చూడండి. 1366 పిక్సెళ్ల వెడల్పున్న తెరను 600 పిక్సెళ్లకు తగ్గిస్తే మిగిలేది నూటికి 44 వంతులు. ఒత్తుతో కలిపి 20 పిక్సెళ్ల ఎత్తున్న అక్షరం 9 పిక్సెళ్లలోపునకు దిగుతుంది. పై గుర్తుకు మూడు, నడిమి అక్షరానికి మూడు, ఒత్తుకు మూడు. మూడు చుక్కలలో ఏ ఒత్తు రూపం నిలుస్తుంది? 'ద'ను 'ధ' చేసే క్రింది గీత, 'థ' నడుమనుండే చుక్క ఒక పిక్సెలుకన్న సన్నగిల్లి పొరుగు తెలుపుతో కలిసి బూడిదరంగు మరక అవుతాయి. అప్పుడు అర్ధమేదో అర్థమేదో తెలియదు. విధి వీధిన పడుతుంది, మేడ మెడ అవుతుంది. లకారపు ఒత్తు రాలిపోయిన 'కల్ల' అందమైన 'కల'గా మారిపోతుంది! మా పొరుగు కన్నడానికీ ఇదే గతి. ఆలూరు, ఆదోని తాలూకాలు 1953 అక్టోబరు 1 వరకు బళ్లారి జిల్లాలోనివి. నేటికీ ఇక్కడ రెండు భాషలూ వినవస్తాయి. రెండు లిపులకూ ఒత్తులు క్రిందనే ఉండుటచేత రెండూ ఒకే దెబ్బ తింటాయి.

కనుక బొమ్మను ఎంత వరకు కుదించవచ్చు అన్న ప్రశ్నకు ఆంగ్లాక్షరం కొలబద్ద కాజాలదని నా అభిప్రాయం. ఆ పుటలోని మిక్కిలి చిన్న ఒత్తు ఏది చదువగలుగునో అదే హద్దు. అవతలివారి ఫోనులో కనబడే పరిమాణంలో దానిని చూచి, చదువగలిగితేనే పంపాలి.

ఆచరణలో ఇది కష్టమేమీ కాదు. మొదట కత్తిరింపు, తరువాతనే కుదింపు. తెరమీది ప్రకటనలు, అంచులు, పై పట్టీలు తీసివేస్తే కావలసిన భాగం తరచు సగమే ఉంటుంది. ఇక కుదించే పనే ఉండదు. రెండవది, తెరపట్టు తీయకమునుపే కంట్రోల్ మీటతో కూడిక గుర్తును నొక్కి పుటను 150 శాతానికి పెంచాలి. అప్పుడు గణనయంత్రం ఖతి, అనగా ఫాంటు, నుండి అక్షరాన్ని క్రొత్తగా పెద్దదిగా గీస్తుంది. తీసిన బొమ్మను తరువాత సాగదీస్తే పోయిన ఒత్తు తిరిగిరాదు, మరకయే పెద్దదవుతుంది. మూడవది, కుదించక తప్పనప్పుడు మూలం నుండి ఒక్కసారే కుదించాలి. కుదించినదానిని మళ్లీ మళ్లీ కుదిస్తే ప్రతిసారీ కొంత నశిస్తుంది. బొమ్మల సాఫ్టువేరులలో బైక్యూబిక్, లాంజోస్ అనే పద్ధతులు పొరుగు చుక్కల సగటును గణించి రూపాన్ని కొంతవరకు నిలుపుతాయి. సమీపపు చుక్కను మాత్రమే తీసుకొనే పద్ధతి సన్నని గీతలను నిర్దాక్షిణ్యంగా ఎగురగొడుతుంది. పుట పొడవైనదైతే రెండు బొమ్మలుగా పంపుటలో నామోషీ లేదు.

భద్రపరచే రూపం కూడ ముఖ్యమే. జేపెగ్ ఛాయాచిత్రాలకు తగినది. అది బొమ్మను ఎనిమిదికి ఎనిమిది చుక్కల గడులుగా విభజించి, కంటికి అంతగా ఆననిదని తలచిన సూక్ష్మాన్ని వదలివేస్తుంది. కొండకూ చెట్టుకూ అది చెల్లుతుంది. అక్షరపు అంచుల చుట్టూ మాత్రం దుమ్ము రేపుతుంది. పీఎన్‌జీ ఒక్క చుక్కనూ వదలదు. రంగులు కొద్దిగా ఉండే వ్రాతపుటలకు చాలమార్లు దాని పరిమాణమే తక్కువ కూడ. వాట్సాప్‌లో బొమ్మగా పంపితే అది తనంతట తాను కుదిస్తుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్లు చేరుతుంది.

యూనికోడ్‌లో తెలుగు 1991 నుండి ఉన్నది గదా, బొమ్మతో పనియేమి, అక్షరాలనే పంపవచ్చునని కొందరు అంటారు. వారి మాటలో న్యాయం ఉంది. ఒకప్పుడు ఎవరి ఖతి వారిది కావడంతో అవతలివారి యంత్రంలో తెలుగు పిచ్చిగీతలయ్యేది. అందుచేత బొమ్మలు శరణ్యమయ్యాయి. ఆ ఇబ్బంది తీరింది. అక్షరాలుగా ఉన్నదానిని వెదకవచ్చు, పెద్దది చేసుకోవచ్చు, చూపులేనివారికి యంత్రం చదివి వినిపించగలదు. కానీ ఫలానా రోజున తెరమీద ఇట్లు ఉండెనని చూపవలసినప్పుడు అక్షరాలు మాత్రమే చాలవు. ఎవరైనా ఏదైనా టైపు చేయవచ్చు గదా.

ఈ చిక్కుకు శాసన పరిశోధకులు మనకన్న ఎంతో ముందే దారి చూపారు. మా జిల్లాలోని ఎర్రగుడి బండలపై అశోకుని శాసనాలున్నాయి. అటువంటి రాతిని పుస్తకంలోకి ఎక్కించాలంటే కుదించక తప్పదు. 1888లో మొదలైన ఎపిగ్రాఫియా ఇండికా సంపుటాలు తిరగవేయండి. శాసన ప్రతికృతి ఫలకంపై మూలంలో నాల్గవ వంతు అన్నట్లు కొలత ముద్రించి ఉంటుంది. దానికి తోడుగా శాసన పాఠాన్ని పంక్తి పంక్తిగా విడిగా అచ్చువేస్తారు. బొమ్మ సాక్ష్యానికి, పాఠం చదువుటకు. ఒకదానిలోని లోపాన్ని రెండవది తీరుస్తుంది.

మనమూ అంతే చేయవచ్చు. తెరపట్టు క్రింద పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, తేదీ నాలుగు పంక్తులలో టైపు చేసి పంపితే రెండు నిమిషాల పని. తెలుగువారి కోసం ప్రకటనలు, పట్టికలు బొమ్మలుగా విడుదల చేసే కార్యాలయాలకూ సంస్థలకూ ఈ నియమం మరింత వర్తిస్తుంది. ఎందుకంటే వాటిని చదివేది పెద్ద తెర ముందు కూర్చున్న గుమాస్తా కాదు. ఎండలో, గట్టు మీద, అరచేతిలోని ఫోనులో చదువుకొనే రైతు. ఆయన పేరులోని ఒత్తును ఆయనకు చేర్చలేని బొమ్మ ఎంత తేలికైనదైనా నిరర్థకం.