సిబిల్ మచ్చ, దళారుల బేరం

సొంత ఇంటి కోరిక కార్మికునికి ఉద్యోగ జీవితంలో సగం గడిచాక గాని మాటగా బయటకు రాదు. చెల్లెళ్ల పెళ్లిళ్లు, పిల్లల చదువులు, తల్లిదండ్రుల వైద్యం ఒక కొలిక్కి వచ్చాక, నాలుగు రాళ్లు వెనకేసుకొని, ఊరి చివర రెండు గదుల ఫ్లాటుకు బయానా ఇచ్చి బ్యాంకు మెట్లెక్కుతాడు. అక్కడ అతని సర్వీసునూ జీతం చీటీనీ చూడకముందే ఒక అంకెను చూస్తారు. 300కూ 900కూ మధ్య ఉండే ఆ అంకె తక్కువగా ఉన్నదంటే దరఖాస్తు అక్కడికక్కడే ఆగిపోతుంది. బయానా మాత్రం అమ్మకందారు జేబులో ఉండిపోతుంది.

మా కార్యాలయానికి వచ్చిన మొరలలో ఒకదానిని ఇక్కడ ప్రస్తావించడం అవసరమని భావిస్తున్నాము. అతను ఒక కర్మాగారంలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న ఫిట్టరు. బ్యాంకు నుండి తీసుకున్న వ్యక్తిగత రుణానికి వాయిదాలను యాజమాన్యమే జీతంలో కోసి బ్యాంకుకు జమ చేసే ఏర్పాటు ఉన్నది. ఏడు నెలలపాటు యాజమాన్యం వాయిదా కోసింది, బ్యాంకుకు కట్టలేదు. జీతం చీటీలో కోత కనిపిస్తున్నందున అతనికి అనుమానం రాలేదు. ఆ తరువాత బాకీ అంతా జమ అయినది గాని, ఏడు నెలల ఆలస్యం అతని పేరు మీదనే నమోదై నిలిచిపోయింది. ఇంటి రుణానికి వెళ్లిన రోజున గాని ఆ సంగతి తెలియలేదు. బ్యాంకు వాకిట్లో పరిచయమైన ఒక పెద్దమనిషి, "సిబిల్ శుభ్రం చేయిస్తాను" అని 18,000 రూపాయలు ముందుగానే పుచ్చుకున్నాడు. ఫోనుకు వచ్చిన ఓటీపీ అంకెలు కూడా చెప్పించుకున్నాడు. మూడు నెలలు తిప్పుకున్నాక ఫోను ఎత్తడం మానేశాడు. ఒప్పందం గడువు దాటి బయానా కూడా పోయింది. కోసిన సొమ్ము కట్టనిది యాజమాన్యం. ఎగవేతదారు అనిపించుకున్నది ఫిట్టరు.

ఇటువంటి దళారీలు నేడు ప్రతి పట్టణంలోనూ బయలుదేరారు. కనుక వారు అమ్మజూపుతున్న సరుకు ఏమిటో మన సభ్యులు తెలుసుకోవాలి. మన దేశంలో సిబిల్ సంస్థ 2000లో ఏర్పడింది. పరపతి సమాచార సంస్థల చట్టం 2005లో వచ్చింది. నేడు ఇటువంటి సంస్థలు నాలుగు ఉన్నవి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. జనం మాత్రం అన్నిటినీ కలిపి సిబిల్ అనే అంటారు. బ్యాంకులూ ఫైనాన్సు కంపెనీలూ ప్రతి ఖాతా వివరాన్నీ వీటికి పంపుతాయి. నెలకొకసారి పంపే పద్ధతి పోయి 2025 జనవరి నుండి పక్షానికొకసారి పంపాలనే నిబంధన అమలులోకి వచ్చింది. పంపిన బ్యాంకు సరిదిద్దితే తప్ప ఆ సంస్థలు తమంతట తాము ఏ పద్దునూ మార్చవు. ఈ ఒక్క విషయం గ్రహిస్తే చాలు, దళారీకి లోపల ఏ తలుపూ తెరిచి లేదని అర్థమవుతుంది. అతడు చేసేదల్లా మనమే ఉచితంగా పెట్టుకోగల అర్జీని మన పేరుతో పెట్టడం. కొందరు అంతటితో ఆగక, తీసుకున్న అప్పును కూడా "నాది కాదు" అని రాయిస్తున్నారు. ఆ అబద్ధం కింద ఉండేది కార్మికుని పేరు, దళారీ పేరు కాదు. అమెరికాలో ఈ వ్యాపారం ముదిరి, పని పూర్తి కాకముందు సొమ్ము తీసుకోరాదని 1996లోనే ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది. మన వద్ద అటువంటి చట్టం లేదు.

మచ్చలన్నీ ఒక తీరువి కావు. నివేదికలో నెలకొక గడి చొప్పున, వాయిదా ఎన్ని రోజులు ఆలస్యమైనదో అంకెలలో ఉంటుంది. లాకౌటు నెలలూ జీతాలు ఆగిన నెలలూ ఆ గడులలో 30, 60, 90 అనే అంకెలుగా మారి కూర్చుంటాయి. జీతం ఎందుకు రాలేదో చెప్పే గడి అందులో లేదు. తోటి కార్మికుని అప్పుకు జామీను ఉన్నవారికి, అతను కట్టకపోతే ఆ భారం తమ నివేదికలోకి వస్తుంది. ముఖమాటం కొద్దీ సంతకం చేసి పదేళ్ల తరువాత వగచినవారు మనలో ఎందరో ఉన్నారు.

పేర్ల చిక్కు మరొకటి. ఇంటిపేరు ముందు రాసుకోవడం మన అలవాటు. భివండీ, సూరత్, షోలాపూర్ మరమగ్గాల మధ్య బతుకుతున్న తెలుగు కార్మికులకు అక్కడి ఫారాలలో ఇంటిపేరు చివరి గడిలోకి పోతుంది. ఒక బ్యాంకులో పొడి అక్షరంగానూ మరొక బ్యాంకులో పూర్తిగానూ నమోదవుతుంది. అద్దె ఇల్లు మారినప్పుడల్లా చిరునామా మారుతుంది. ఒకే పేరుగల మరొకరి బాకీ వచ్చి తన ఖాతాలో చేరినా గుర్తించే నాథుడు ఉండడు. పుట్టిన తేదీ, పాన్ సంఖ్య, ఫోను సంఖ్య సరిగా ఉన్నవో లేవో మొదట చూడవలసింది అందుకే.

అన్నిటికన్నా మోసకరమైనది "సెటిల్‌మెంటు". లక్ష బాకీకి నలభై వేలు కడితే చాలునని వసూలుదారు చెబుతాడు. కార్మికుడు చేబదులు తెచ్చి కట్టి, పీడ విరగడైనదని సంతోషిస్తాడు. నివేదికలో మాత్రం "సెటిల్డ్" అని పడుతుంది. పూర్తిగా కట్టి ముగించిన ఖాతాకు పడే మాట "క్లోజ్డ్". ఈ రెండు మాటల మధ్య తేడా ఇంటి రుణమంత. మిగిలిన బాకీ కట్టి, బాకీ లేదనే పత్రం తీసుకొని, ఖాతాను "క్లోజ్డ్"గా మార్చమని బ్యాంకును రాతపూర్వకంగా కోరవలసి ఉంటుంది.

నిజంగా జరిగిన ఎగవేతను చెరపడం ఎవరి తరమూ కాదు. ఈ మాట చెప్పడం కష్టమే, కాని చెప్పకపోతే మేమూ దళారీల సరసన చేరినట్లే. ఆ సమాచారాన్ని కనీసం ఏడేళ్లు భద్రపరచాలని నిబంధన ఉన్నది. వాయిదాలు తప్పకుండా కట్టుకుంటూ పోతే పాత మచ్చ బలం క్రమంగా తగ్గుతుంది, అంతే. తప్పుగా పడిన మచ్చ సంగతి వేరు. దానికి చట్టం తోడున్నది.

2017 నుండి ఈ నాలుగు సంస్థలలో ప్రతి ఒక్కటీ ఏడాదికి ఒక పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వవలసి ఉన్నది. రుణానికి దరఖాస్తు పెట్టినవారు, బ్యాంకు తెప్పించుకున్న నివేదిక నకలును ఆ బ్యాంకునే అడగవచ్చు. 2005 చట్టంలోని 21వ సెక్షను ఆ హక్కు ఇచ్చింది. తప్పును సరిదిద్దమని కోరిన 30 రోజులలో పరిష్కారం కావాలి. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఉత్తరువు చేసింది. అది 2024 ఏప్రిల్ నుండి అమలులో ఉన్నది. అప్పటికీ న్యాయం జరగకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. 2022 సెప్టెంబరు నుండి ఈ పరపతి సంస్థలను కూడా ఆ పథకం పరిధిలోకి తెచ్చారు. దానికి రుసుము లేదు. ఫిర్యాదుదారు తరఫున వకీలు కాని ప్రతినిధి అర్జీ పెట్టవచ్చునని 2021 నాటి పథకమే చెప్పింది. సంఘ కార్యదర్శి ఆ పనికి తగడా?

ఇదంతా నెలలు పట్టే పని. కనుక ఇల్లు కొనదలచినవారు కనీసం ఏడాది ముందుగా నివేదిక తెప్పించుకోవాలి. అది చేతికి రాకముందు బయానా ఇవ్వరాదు. అంకె తక్కువైనా అప్పు దొరికే చోట్లు ఉంటాయి గాని, వడ్డీ ఎక్కువ. 25 లక్షల రూపాయలను 20 ఏళ్లకు 8.5 శాతం వడ్డీతో తీసుకుంటే నెల వాయిదా సుమారు 21,700 రూపాయలు. వడ్డీ 9.5 శాతమైతే అది 23,300 అవుతుంది. నెలకు 1,600 తేడా పెద్దగా కనిపించదు. 20 ఏళ్లలో అదే 3 లక్షల 85 వేలు దాటుతుంది.

మరి నమ్మదగిన సహాయం ఎక్కడ దొరుకుతుంది? దూరం పోనక్కరలేదు. జిల్లాలలో లీడ్ బ్యాంకులు నడిపే ఆర్థిక అక్షరాస్యతా కేంద్రాలు ఉన్నవి. అవి ఉన్నవని చాలామందికి తెలియదు. అన్నిటికీ మించి ప్రతి పట్టణంలోనూ పదవీ విరమణ చేసిన బ్యాంకు ఉద్యోగులు ఉన్నారు. వారు తమ సంఘాలలో జీవితకాలం పనిచేసినవారు, ఈ పద్దుల భాషను చదవగలవారు. నెలకు రెండు ఆదివారాలు మన శాఖా కార్యాలయంలో కూర్చోమని పిలిస్తే కాదనరని మా నమ్మకం. అయితే ఒక షరతు. ఈ సహాయానికి ఎవరూ పైసా తీసుకోరాదు, సభ్యుని ఓటీపీ గాని, సంతకం చేసిన ఖాళీ చెక్కు గాని ముట్టరాదు. అర్జీని సభ్యుడే తన చేతితో పంపుకోవాలి, పక్కన కూర్చొని చూపించడం వరకే మన పని. మన సంఘాల నీడన కూడా కమీషనుకు రుణాలు ఇప్పించే మనుషులు అక్కడక్కడ చేరారని మాకు తెలియనిది కాదు. వారిని ఈ పనికి దూరంగా ఉంచే బాధ్యత శాఖలదే.

యాజమాన్యాల విషయంలో మరింత గట్టిగా నిలవాలి. కోసిన వాయిదాను ఏ తేదీన బ్యాంకుకు జమ చేసినదీ ప్రతినెలా జీతం చీటీపై చూపించాలని చర్చల పట్టికలో చేర్చాలి. ఆలస్యం తమ వలననే జరిగినదని యాజమాన్యం బ్యాంకుకు లేఖ ఇచ్చి, పద్దు సరిచేయించే వరకు వదలరాదు. ఆ ఫిట్టరు విషయంలో స్థానిక శాఖ సేకరించినవి ఏడు జీతం చీటీలూ, బ్యాంకు ఖాతా వివరమూ మాత్రమే. వాటిని ముందుంచి అడిగినప్పుడు యాజమాన్యం లేఖ ఇవ్వక తప్పలేదు. అర్జీ ఇప్పుడు బ్యాంకు వద్ద ఉన్నది. పోయిన బయానా సంగతి ఇంకా తేలలేదు.

జీతంలో కోసి కట్టని వాయిదాల వివరాలను కర్మాగారాల వారీగా, నెలల వారీగా పంపవలసిందిగా అన్ని శాఖలనూ కోరుతున్నాము. సభ్యుల పేర్లు, ఖాతా సంఖ్యలు రాయనవసరం లేదు. ఆ జాబితా చేతికి అందిన వెంటనే కేంద్ర కార్యాలయం దానిని సంబంధిత బ్యాంకుల ముందూ, కార్మిక శాఖ ముందూ ఉంచుతుంది.