ఫిరంగిపురపు గుడియు, మన బాధ్యతయు

గుంటూరు మండలమున క్రైస్తవ చరిత్ర యెన్నడు మొదలైనదని విద్యార్థుల నడిగిన, పలువురు 1842వ సంవత్సరమున హయ్యరుగారు గుంటూరు చేరిన దినమునే చెప్పుదురు. ఆ మాట లూథరన్ మిషనునకు సరిపోవును గాని మండలమంతటికిని సరిపోదు. గుంటూరునుండి నరసరావుపేటకు పోవు త్రోవలో, ప్రత్తి చేలకును మిరప కల్లములకును నడుమ నిలిచియున్న ఫిరంగిపురపు బాలయేసు దేవాలయము అంతకంటె పాత కథను జ్ఞప్తికి తెచ్చుచున్నది.

ఆ కథకు మూలము ఫ్రెంచి గురువులు. పద్దెనిమిదవ శతాబ్దపు తొలి యేండ్లలో జెసూయిట్ సభవారు పుదుచ్చేరినుండి తెలుగు సీమ కరుదెంచి, సన్న్యాసులవలె కాషాయము దాల్చి, మాంసము మాని, తెలుగు సంస్కృతములు నేర్చిరి. వారిలో గాస్తోన్ కూర్దూగారు 1732లో మన దేశమునకు వచ్చిరి. నూలుబట్టలకు రంగులద్దు విధమును ఆ పనివారినే అడిగి తెలిసికొని 1742లో ఒక జాబున వివరించిరి. సంస్కృతమునకును గ్రీకు, లాటిను భాషలకును గల పోలికలను 1767లో పారిస్ పండితులకు వ్రాసి పంపిరి. విలియం జోన్సుగారు ఆ సంగతి ప్రకటించినది అటుపిమ్మట పందొమ్మిదేండ్లకు. నేర్పవచ్చిన గురువులు మన పనివారియొద్ద శిష్యులైరనుట మనము మరువరాని సంగతి.

1773లో పోపుగారు జెసూయిట్ సభను రద్దుచేయగా ఆ మిషను చిక్కిపోయెను. అయినను రాయలసీమనుండి ఈ ప్రాంతమునకు వలసవచ్చిన రెడ్డి కుటుంబములు తమ విశ్వాసమును విడువలేదు. గురువు దర్శనమే అరుదైన కాలమున సంఘమును నిలిపినవారు సేద్యగాండ్రు, వారి యిల్లాండ్రు. తరువాత లండనునందలి మిల్‌హిల్ సభవారు వచ్చిరి. వారిలో తియడోర్ డీక్‌మన్ గురువు పూనికచే నేటి గుడి 1891లో పూర్తియయ్యెను. 1940లో గుంటూరు మేత్రాసనము ఏర్పడెను.

ఇది పరదేశపు కట్టడమనియు, ఊరి పేరునందే ఫిరంగి యున్నదనియు కొందరందురు. మే మట్లు తలంపము. తలపెట్టినవారు పరదేశీయులైనను రాయి మోసినవారును, సున్నము నూరినవారును ఈ పల్లెలవారే గదా! వారి పేర్లు మనలో నెవరికి దెలియును? గుడిని పరాయిదనుట ఆ చేతులను రెండవమారు మరచుట యగును.

జనము పెరిగినది, పాత గుడులు చాలవు, కూల్చి క్రొత్తవి కట్టుద మనువారును కలరు. బీదల పిల్లల చదువునకు లేని సొమ్ము పాత గోడలకేల యని మరికొంద రడుగుదురు. ఈ రెండవ ప్రశ్న న్యాయమైనది. అయితే ఉన్నదానిని కాపాడుట పడగొట్టి కట్టుటకంటె తక్కువ ఖర్చు. వానకాలమునకు ముందు కప్పు చూచుట, గోడలో మొలచిన రావిమొక్కను లేతనాడే పెరుకుట, సున్నపు గోడకు సున్నమే పూయుట, ఇంతే పని. పాత గోడకు సిమెంటు పూసినచో లోపలి తేమ వెలికి రాలేక ఇటుకలను పొడిచేయును. మేలుచేయబోయి కీడుచేయుట యన్న నిదియే.

ఫ్రాన్సు పల్లెలలో 1905నాటి చట్టమునకు ముందు కట్టిన గుడులు చాలవరకు గ్రామసంఘముల సొత్తు. ఆరాధనకు వచ్చువారు పలుచనైనను వాని మరమ్మతు ఊరుమ్మడి బాధ్యతయే. మన కట్టి యేర్పాటు లేదు. భక్తుల చందాయు, శ్రద్ధయు మాత్రమే ఆధారము. అచట గోడలున్నవి, జనము తగ్గినది. ఇచట జనమున్నది, గోడలపై చూపు తగ్గుచున్నది. ఏ లోటు పెద్దదో పెద్దలే యోచింతురుగాక.

విద్యార్థులారా! చందా లిచ్చుట మీ వశము గాదు గాని, మరొక పని మీ వశమున నున్నది. ఈ సెలవులలో మీ తాతగారినో అమ్మమ్మగారినో అడిగి, మీ ఊరి గుడి యే మతమువారిదైనను, దాని నెవరు కట్టిరో, రాయి యెచ్చటనుండి వచ్చెనో, గంట నెవరు మ్రోగించెడివారో వ్రాసికొనుడు. గోడ పగిలిన తిరిగి పూయవచ్చును. చెప్పువారు పోయినపిమ్మట ఆ మాటలను తెచ్చువారు లేరు.